ఇంటిపేరు, నెత్తురు

ఇంటిపేరును ఆస్తిగా ఎంచడం లోకంలో చాలా పాత అలవాటు. తండ్రి కొడుకుకు పొలం ఇచ్చినా ఇవ్వకపోయినా ఇంటిపేరు ఇస్తాడు. పొలం అమ్ముడుపోతుంది, ఇల్లు కూలిపోతుంది, పేరు మాత్రం నిలుస్తుంది. అందువల్లనే కాబోలు, "మా వంశం" అనేటప్పుడు ఎంత పేదవాడి గొంతులోనైనా కొంచెం గర్వం ధ్వనిస్తుంది. ఆ గర్వం వెనుక ఒక నమ్మకం దాగి ఉన్నది: ఈ పేరు ఎంత వెనక్కు పోతుందో నా నెత్తురూ అంత వెనక్కు పోతుంది అని. ఆ నమ్మకం నిజమా? నిజం కాకపోతే ఇంటిపేరు దేనికి గుర్తు? ఈ ప్రశ్న ఉపనిషత్తుల కాలంనాటిదే. అయినా 2007లో ఇంగ్లండు దేశపు ఒక అరుదైన ఇంటిపేరు విషయంలో బయటపడిన సంగతి దీనికి కొత్త పదును పెట్టినది.

ఆ ఇంటిపేరు తూర్పు యార్క్‌షైర్‌కు చెందినది. దేశమంతా గాలించినా దానిని ధరించినవారు కొద్దిమందే. అది ఏ పేరో ఇక్కడ చెప్పకపోవడమే మర్యాద. స్మిత్ అనో జోన్స్ అనో అంటే లక్షలమందిలో ఒక్కరినీ చూపినట్లు కాదు. అరుదైన ఇంటిపేరు పలికితే మాత్రం ఫలానా వీథిలో ఫలానా ఇంటి తలుపు తట్టినట్లే. సాధారణమైన పేరు మనిషికి చాటు ఇస్తుంది. అరుదైన పేరు ఆ చాటు ఇవ్వదు.

ఇంగ్లండులో ఇంటిపేర్ల పుట్టుక అంత పాతది కాదు. 1066లో నార్మన్లు దేశాన్ని జయించేనాటికి అక్కడి సామాన్యుడికి ఉన్నది ఒక్క పేరే. వంశపారంపర్యంగా నిలిచే పేర్లు మొదట భూస్వాములకు వచ్చినవి. వారు తమ జాగీరు పేరునే తమ పేరుగా చేసుకొని, కొడుకుకు జాగీరుతోపాటు దానినీ అప్పగించినారు. ఈ అలవాటు సామాన్యుల వరకు పాకడానికి రెండు మూడు వందల ఏళ్లు పట్టినది. 1377, 1379, 1381 సంవత్సరాలలో రాజోద్యోగులు తలపన్ను వసూలుకు బయలుదేరి వ్రాసిన పట్టీలలో యార్క్‌షైర్ ఇంటిపేర్లు ఎన్నో అప్పటికే కనబడతవి. వృత్తిని బట్టి కొన్ని, తండ్రి పేరును బట్టి కొన్ని, పొట్టి పొడుగులను బట్టి కొన్ని, ఊరూ వాగూ గట్టూ బట్టి మరికొన్ని. సైక్స్ అంటే చిన్న వాగు. ఆటెన్‌బరో నాటింగ్‌హామ్‌షైర్‌లోని ఒక ఊరు. తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్లు ఎన్ని దాగి ఉన్నవో ఎరిగిన పాఠకుడికి ఇందులో వింత తోచదు. క్లార్క్ అంటే మొదట చదువు వచ్చిన చర్చి ఉద్యోగి. మన దేశంలో లాల్ బహదూర్ కులాన్ని తెలిపే శ్రీవాస్తవ అనే పేరును చిన్ననాడే విడిచినాడు. తరువాత కాశీ విద్యాపీఠం ఇచ్చిన శాస్త్రి పట్టం ఆయన పేరు చివర నిలిచి, బిడ్డలకు ఇంటిపేరే అయినది. క్లార్కుకూ శాస్త్రికీ మధ్య ఆరేడు వందల ఏళ్ల దూరం ఉన్నదే గాని జరిగిన పని ఒక్కటే.

1538లో ఎనిమిదవ హెన్రీ మంత్రి థామస్ క్రామ్‌వెల్ ప్రతి చర్చిలోనూ జ్ఞానస్నానాలు, పెండ్లిళ్లు, ఖననాలు ఒక పుస్తకంలో వ్రాసి ఉంచవలెనని ఆజ్ఞాపించినాడు. అప్పటినుంచి ఇంగ్లండు మనిషి పుట్టినా చచ్చినా ఒక పాదిరి చేతివ్రాతలోకి ఎక్కవలసి వచ్చినది. ఆనాడు అక్షరాలు రాని వారే ఎక్కువ. తమ పేరు ఎట్లా వ్రాసినారో వారికి తెలియదు. పాదిరి చెవికి ఎట్లా వినబడితే అట్లా. ఒకే ఇంటివారి పేరు తాతకు ఒక వరుసలో, మనుమడికి మరొక వరుసలో వ్రాయబడడం ఆ పుస్తకాలలో మామూలు విషయం. మహావంశమని చెప్పుకొనే అనేక కుటుంబాల పేరు ఒక పల్లెటూరి పాదిరి వినికిడి మీద ఆధారపడి ఉన్నది.

శతాబ్దాలపాటు వంశచరిత్రకు ఈ పుస్తకాలే సాక్ష్యం. ఇరవయ్యవ శతాబ్ది చివరలో మరొక సాక్షి వచ్చినాడు. పురుషుడి శరీరంలో వై క్రోమోజోము అనే అంశం ఉన్నది. అది తండ్రినుంచి కొడుకుకు మాత్రమే, దాదాపు మార్పు లేకుండా, సంక్రమిస్తుంది. ఇంగ్లండులో ఇంటిపేరూ తండ్రినుంచి కొడుకుకే పోతుంది గనుక ఈ రెండూ జోడెద్దులవలె ఒకే దారిన నడవవలెను. అవి నిజంగా అట్లా నడిచినవా అని 2000లో సైక్స్ ఇంటిపేరు గలవారిని పరీక్షించి చూచినారు. దాదాపు సగంమందిలో ఒకే గుర్తు కనబడినది. ఆ పేరు అనేక చోట్ల వేరువేరుగా పుట్టి ఉంటుందని అంతకు ముందు పండితులు అనుకున్నారు. ఇన్ని శతాబ్దాల తరువాత బ్రతికి ఉన్నవారికి మూలపురుషుడు ఒక్కడే అని పరీక్ష సూచించినది. తరువాత లెస్టర్ విశ్వవిద్యాలయంలో ట్యూరీ కింగ్, మార్క్ జాబ్లింగ్ అనే శాస్త్రజ్ఞులు ఈ పనిని విస్తరించినారు. 2009లో వారు ప్రకటించిన పరిశోధనలో 40 ఇంటిపేర్లు, 1,678 మంది పురుషులు ఉన్నారు. స్మిత్ వంటి పేర్లకు ఒక మూలం అంటూ లేదు. ఊరూరా కమ్మరి ఉన్నాడు గదా. అరుదైన పేర్లలో మాత్రం బంధుత్వం గట్టిగా కనబడినది. ఆటెన్‌బరోలలో పదిమందికి సుమారు తొమ్మిదిమంది ఒకే వంశవృక్షపు కొమ్మలు.

ఇంతవరకు ఈ కథ వంశగౌరవానికి అనుకూలంగానే ఉన్నది. ఇక యార్క్‌షైర్ ఇంటిపేరు సంగతికి రావలెను.

పరీక్షలో పాల్గొన్న ఒక ఆంగ్లేయుడి వై క్రోమోజోము ఏ1 అనే వర్గానికి చెందినదని తేలినది. మానవజాతి పితృవృక్షంలో అతి లోతైన వేళ్లలో ఒకటి ఆ వర్గం. అది ఆఫ్రికాలోనే కనబడుతుందని అప్పటివరకు నిశ్చయం. బ్రిటన్‌లో గాని పశ్చిమ ఐరోపాలో మరెక్కడ గాని అదివరకు ఎవరూ చూడలేదు. పోల్చి చూస్తే పశ్చిమ ఆఫ్రికా దాని మూలమని తోచినది. ఆ మనిషి ఇంగ్లండులో పుట్టినవాడు, తెల్లవాడు, తనకు ఆఫ్రికాతో బంధుత్వం ఉన్నదని ఎన్నడూ ఎరుగనివాడు. పరిశోధకులు అతని ఇంటిపేరే గల మరి 18 మందిని వెదకి పట్టుకొన్నారు. వారిలో ఏడుగురికి అదే గుర్తు ఉన్నది. చర్చి పుస్తకాలూ ఇతర పత్రాలూ తిరగవేస్తే ఆ గుర్తు గలవారు రెండు వంశవృక్షాలుగా ఏర్పడినారు. రెండింటి మూలపురుషులూ పద్దెనిమిదవ శతాబ్ది చివరిభాగంలో యార్క్‌షైర్‌లో జీవించినవారే. ఈ రెండు శాఖలూ అంతకు కొద్ది తరాలకు ముందు ఒక్క పురుషుడినుంచి చీలి ఉండవలెనని జన్యువుల లెక్క చెప్పినది.

ఇప్పుడు ప్రశ్న. ఏడుగురికి ఆఫ్రికా గుర్తు ఉన్నది, పదకొండుగురికి లేదు. పద్దెనిమిది మందికీ ఇంటిపేరు ఒక్కటే. ఆ పేరుకు నిజమైన హక్కుదారులు ఎవరు?

పేరు నెత్తురుకు గుర్తు అనేవాడు పదకొండుగురి పక్షం వహిస్తాడు: ఆ ఏడుగురి పూర్వీకుడు ఎక్కడో మధ్యలో వచ్చి చేరినాడు, పేరు వారిది కాదు అంటాడు. కాని ఈ వాదం నిలవదు. పదకొండుగురే తొలి పేరుగలవాడి సంతతి అని చెప్పడానికి ఆధారమేమిటి? తొలి పేరు ధరించినవాడి ఎముకలు ఎవరూ పరీక్షించలేదు. పైగా ఆఫ్రికా గుర్తు ఆ ఇంట్లోకి ఏ దారిన వచ్చినదో ఆలోచిస్తే ఈ తర్కం కాళ్లు మరింతగా తడబడతవి. దారులు చాలా ఉన్నవి. భర్తకు తెలియకుండా భార్య కన్న బిడ్డ కావచ్చు; లోకం మొదట ఊహించేది దీనినే, అయినా లెస్టర్ పరిశోధన ప్రకారం ఇట్టివి తరానికి నూటికి కొద్ది మాత్రమే. పెంపుడు బిడ్డ కావచ్చు. ఆఫ్రికా మనిషికి జ్ఞానస్నానమప్పుడు ఈ పేరు ఇచ్చి ఉండవచ్చు. లేదా ఆ ఇంటి ఆడపిల్ల ఒకతె పెండ్లి కాకుండా తల్లి అయి, బిడ్డకు తన ఇంటిపేరే ఇచ్చి ఉండవచ్చు. ఈ చివరి దారిలో జరిగినది జాగ్రత్తగా గమనించవలెను. అక్కడ పేరు ఒక్క అడుగు కూడా ఇల్లు దాటిపోలేదు. ఆమె ఆ ఇంటి బిడ్డ, ఆమె బిడ్డ ఆ ఇంటి మనుమడు. తప్పినది తండ్రి వరుస మాత్రమే. తండ్రి వరుసనే నెత్తురు అని పిలవడం ఎవరు నేర్పినారు?

ఆనాటి ఇంగ్లండులో అట్టి తల్లి మీద ఎట్టి ఒత్తిడి ఉండేదో చట్టాలలో కనబడుతుంది. వివాహం కాకుండా పుట్టిన బిడ్డను ఆ దేశపు ధర్మశాస్త్రం "ఎవరికీ కొడుకు కానివాడు" అన్నది. బిడ్డను పోషించే భారం ఊరి చర్చి నిధి మీద పడకూడదని 1576 నాటి చట్టం తల్లిదండ్రులను బాధ్యులను చేసినది. అందుకని తండ్రి ఎవడో తెలుసుకోవడం ఊరి పెద్దలకు డబ్బుతో కూడిన పని అయినది. ప్రసవవేదనలో ఉన్న స్త్రీని మంత్రసాని చేత అడిగించేవారు: బిడ్డ తండ్రి పేరు చెప్పమని. ప్రాణం మీదికి వచ్చిన వేళ అబద్ధం ఆడదు అని వారి నమ్మకం. సత్యాన్ని వెలికి తీయడానికి మనుషులు కనిపెట్టిన పద్ధతులలో ఇంత నీచమైనవి తక్కువ. సత్యం కోసం కూడా కాదు, చర్చి ఖజానాలో నాలుగు షిల్లింగులు మిగుల్చుకోవడానికి.

ఇక్కడ ఛాందోగ్యోపనిషత్తులోని జాబాల గుర్తుకు రాక తప్పదు. గురువు దగ్గరకు పోబోయే కొడుకు తన గోత్రం ఏమిటని ఆమెను అడిగినాడు. యౌవనంలో పలు ఇండ్లలో పరిచర్య చేస్తూ తిరిగిన రోజులలో నీవు పుట్టినావు, నీ గోత్రమేదో నాకు తెలియదు, నేను జాబాలను, నీవు సత్యకాముడవు, కనుక సత్యకామ జాబాలుడనని చెప్పుకో అన్నది తల్లి. ఎవరూ ఆమెను నిర్బంధించలేదు. దాచిపెట్టే అవకాశం ఉన్నది, ఏదో ఒక గోత్రం చెప్పి పంపితే అడిగేవాడు లేడు. కొడుకు ఆ మాటను అక్షరం మార్చకుండా గౌతముని ముందు చెప్పినాడు. గౌతముడు సమిధలు తెమ్మని, సత్యం నుంచి తొలగలేదు గనుక ఉపనయనం చేస్తానన్నాడు. అయితే ఇట్టి మాట బ్రాహ్మణుడు కానివాడు చెప్పజాలడని కూడా ఆయన అన్నాడు. ఆచార్యుని ఔదార్యంలో ఆ ఒక్క మాట మాత్రం ముల్లువలె తగులుతుంది. సత్యాన్ని చూచి శిష్యుణ్ణి స్వీకరించినవాడు మళ్లీ ఆ సత్యం నుంచి జన్మను ఊహించవలసిన అవసరమేమి? తల్లి ఇచ్చిన పేరు చాలునని చేతలలో ఒప్పుకొన్నవాడు మాటలలో తండ్రి వంశాన్ని వెనుక వాకిలినుంచి లోపలికి రానిచ్చినాడు. ఏమైనా లోకంలో నిలిచినది జాబాలుడనే పేరే. భారతంలో కర్ణుడు తాను కుంతి కొడుకునని తెలిసిన తరువాత కూడా రాధేయుడిగానే యుద్ధానికి పోయినాడు. పేరు కన్నవారిదా, పెంచినవారిదా అనే వివాదంలో అతడిచ్చిన తీర్పుకు అప్పీలు లేదు.

యార్క్‌షైర్ ఇంటిలోకి ఆఫ్రికా ఏనాడు వచ్చినదో గాని, ఇంగ్లండులోకి అంతకు చాలా ముందే వచ్చినది. ఉత్తర ఆఫ్రికాలోని లెప్టిస్ మాగ్నాలో పుట్టిన రోమక చక్రవర్తి సెప్టిమియస్ సెవెరస్ 211లో యార్క్ నగరంలోనే మరణించినాడు. మూడవ శతాబ్దిలో హాడ్రియన్ గోడ దగ్గర మూర్ జాతి సైనికదళం కాపలా ఉన్నది. ఏడవ, ఎనిమిదవ హెన్రీల కొలువులో బూర ఊదిన జాన్ బ్లాంక్ నల్లవాడు. 1948లో విండ్రష్ ఓడ దిగినవారితోనే నల్లవారు బ్రిటన్‌కు రావడం మొదలైనదని అనుకునేవారు ఈ చరిత్రను మరచినవారు. పద్దెనిమిదవ శతాబ్దిలో బానిస వ్యాపారం సాగుతున్న రోజులలో వేలమంది ఆఫ్రికావారు ఇంగ్లండులో ఉన్నారు. వారికి పేర్లు ఎట్లా వచ్చినవో చూస్తే ఇంటిపేరు అనే గౌరవం ఒక్కొక్కప్పుడు ఎంత క్రూరమైన హాస్యమో తెలుస్తుంది. ఇగ్నేషియస్ సాంచో వెస్ట్‌మినిస్టర్‌లో దుకాణం పెట్టి, 1774లో పార్లమెంటు ఎన్నికలో వోటు వేసిన నల్లవాడు, మంచి రచయిత. చిన్ననాడు తాను పనిచేసిన ఇంటి అక్కచెల్లెళ్లు స్పెయిన్ నవలలోని డాన్ క్విక్సోట్ అనుచరుణ్ణి తలచుకొని నవ్వుతూ పెట్టిన పేరు అది అని అతని తొలి జీవితచరిత్రకారుడు వ్రాసినాడు. నవ్వులాటకు పెట్టిన పేరుతోనే అతడు భార్యాబిడ్డలతో గౌరవంగా బ్రతికినాడు.

మరొకడు సోమర్సెట్. 1749లో వర్జీనియాలో ఒక వర్తకుడు కొన్న పిల్లవాడు. 1769లో యజమాని వెంట ఇంగ్లండు వచ్చినాడు. 1771లో లండనులో జ్ఞానస్నానం పొంది జేమ్స్ సోమర్సెట్ అయినాడు. ఆ ఏడే యజమానిని విడిచి పారిపోయినాడు. పట్టుకొని జమైకాలో అమ్మడానికి ఓడలో సంకెళ్లు వేసి ఉంచినారు. 1772 జూన్ 22న ప్రధాన న్యాయమూర్తి మాన్స్‌ఫీల్డ్ ప్రభువు అతణ్ణి బలవంతంగా దేశం దాటించడానికి చట్టం ఒప్పుకోదని విడుదల చేసినాడు. సోమర్సెట్ అనే పేరు అతనికి వారసత్వం కాదు, తండ్రి ఇచ్చినది కాదు. కాని ఇంగ్లండు న్యాయచరిత్రలో ఆ పేరు చెప్పగానే స్ఫురించేది అతడే.

చిత్రమేమంటే ఇంగ్లండులో సోమర్సెట్ అనేది ఒక డ్యూకుల వంశపు ఇంటిపేరు కూడా. బోఫోర్ట్ డ్యూకులు మూడవ ఎడ్వర్డ్ రాజుకు పితృక్రమంలో వారసులమని చెప్పుకొంటారు. 2012లో లెస్టర్ పట్టణంలో బండ్లు నిలిపే ఆవరణ క్రింద మూడవ రిచర్డ్ రాజు ఎముకలు దొరికినవి. 1485లో యుద్ధంలో చచ్చినవాడు. ఆ ఎముకలను పరీక్షించినవారిలో ముఖ్యురాలు పైన చెప్పిన ట్యూరీ కింగే. రాజుగారి సోదరి కూతుళ్ల కూతుళ్ల వరుసలో వచ్చిన ఇద్దరితో మాతృక్రమపు గుర్తు సరిపోయినది. అయిదవ బోఫోర్ట్ డ్యూకు సంతతివారైన అయిదుగురి పితృక్రమపు గుర్తు మాత్రం రాజుతో సరిపోలేదు. ఆ అయిదుగురిలో ఒకడిది మిగిలిన నలుగురితో కూడా కలవలేదు. 2014లో ఈ ఫలితం ప్రకటించినారు. బిరుదులు, కోటలు, వంశవృక్షాలు కాపాడిన తండ్రి వరుస ఎక్కడో తెగినది. ఎవరూ పేరు పెట్టి తలచని స్త్రీల వరుస అయిదు వందల ఏళ్ల తరువాత రాజును గుర్తు పట్టినది. ఆ మాటకు వస్తే ఆ ఇంటికి సోమర్సెట్ అనే పేరు మొదలైనదే పదిహేనవ శతాబ్దిలో ఒక డ్యూకుకు వివాహం లేకుండా పుట్టిన కొడుకుతో. సంకెళ్ల సోమర్సెట్‌కూ కిరీటాల సోమర్సెట్‌కూ పేరు మీద ఎవరికి ఎక్కువ హక్కు ఉన్నదో న్యాయవాదులు తేల్చవలసినదే.

పేరును సక్రమంగా స్వీకరించడం కూడా ఆ దేశంలో పరువు తక్కువ కాదు. రిచర్డ్ కోలీ అనే ఐర్లండు పెద్దమనిషి 1728లో వెస్లీ అనే బంధువు ఆస్తి సంక్రమించగా ఆయన ఇంటిపేరూ తీసుకొన్నాడు. ఆ పేరును తరువాత మనుమల కాలంలో వెలెస్లీ అని వ్రాసుకొన్నారు. ఆ మనుమలలో ఒకడు భారతదేశానికి గవర్నర్ జనరల్. అతని ఏలుబడిలోనే 1800లో నిజాము కొన్ని తెలుగు జిల్లాలను కంపెనీకి ఇచ్చివేసినాడు. తెలుగువారు వాటిని దత్తమండలాలు అన్నారు. దత్తమైన పేరుగలవాడి చేతికి దత్తమండలాలు వచ్చినవన్న మాట. అయితే వెలెస్లీ పేరు ఆస్తితో వచ్చినది గనుక ఇంట నిలిచినది. మండలాల పేరు అవమానంతో వచ్చినది గనుక 1928లో నంద్యాల సభలో దానిని విడిచి రాయలసీమ అనుకొన్నారు.

తిరిగి యార్క్‌షైర్‌కు. మనిషికి ఎనిమిది తరాల వెనుక 256 స్థానాలలో పూర్వీకులు ఉంటారు. ఇంటిపేరు వారిలో ఒక్కరిది. వై క్రోమోజోమూ ఒక్కరిదే. మిగిలిన 255 మందినీ పేరూ మరచినది, ఆ పరీక్షా మరచినది. ఆఫ్రికా పూర్వీకుడు ఆ ఏడుగురి శరీరాలలో ఇచ్చినది, ఈ ఒక్క దారం తప్పితే, లెక్కకు రానంత. అందుచేత వారు ఆఫ్రికావారు అనడం ఎంత అవివేకమో, కారు అని నిరూపించబూనడం అంత అవివేకం. పితృక్రమపు గుర్తును బట్టి మనిషి దేశాన్ని నిర్ణయించడం ప్రమాదకరమని పరిశోధకులే ఆ పత్రంలో హెచ్చరించినారు. ఆ ఇంటిపేరుగల తెల్లవాడి నెత్తుటి చుక్క ఒక నేరస్థలంలో దొరికినదనుకోండి. అది ఆఫ్రికావాడిదని చదివి, పోలీసులు వెదకడానికి పోయేది ఎవరి ఇండ్లకో ఊహించడం కష్టం కాదు. అసలు స్వదేశీయులు అనే మాటను ఆ పత్రంలో ఉద్ధరణ చిహ్నాల మధ్య వ్రాసినారు. పత్రం మొత్తంలో అంత చిన్న గుర్తు, అంత నిజాయతీగల గుర్తు మరొకటి లేదు. 1066కు పూర్వం వారూ తరువాత వారూ, రోమకులూ డేన్‌లూ, అందరూ ఏదో ఒక ఓడ దిగినవారే గదా ఆ ద్వీపంలో.

ఆ రెండు వంశవృక్షాలను కలిపే కాగితం దొరకలేదు. పద్దెనిమిదవ శతాబ్ది చివర యార్క్‌షైర్‌లో ఆ ఇంటిపేరుగల ఇద్దరు పురుషులు బిడ్డలను చర్చికి తీసుకుపోయి జ్ఞానస్నానం చేయించినారు. పాదిరులు పుస్తకం తెరచి, కలం సిరాలో ముంచి, తేదీ, బిడ్డ పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు వ్రాసి, సిరా ఆరనిచ్చి, మరుసటి పంక్తిలో వేరొకరి బిడ్డ పేరు వ్రాయసాగినారు.